స్టీల్ పినియన్ వేసినప్పటి నుంచి టీటీ-02 స్పర్ గేర్లు వరుసగా పోతున్నాయి: గేర్లన్నీ లోహానివే వేయాలా?

మియాపూర్_టూరింగ్
నా బండి టమియా టీటీ-02 రిమోట్ కంట్రోల్ కారు. పెట్టెలో వచ్చిన 540 బ్రష్డ్ మోటారు, దాని ఇరుసుకు బిగించే 22 పళ్ల చిన్న గేరు (పినియన్), అది తిప్పే 70 పళ్ల పెద్ద గేరు (స్పర్)తో ఏడాది పాటు ఒక్క ఫిర్యాదు కూడా లేకుండా నడిచింది. రెండు నెలల క్రితం ఆ మోటారు తీసేసి 3000 కేవీ (వోల్టుకు నిమిషానికి 3000 చుట్లు) బ్రష్‌లెస్ మోటారు పెట్టాను. వేగం ఇంకాస్త పెరుగుతుందన్న ఆశతో అదే రోజు 25 పళ్ల స్టీల్ పినియన్ కూడా బిగించాను. అప్పటి నుంచి మూడు స్పర్ గేర్లు పోయాయి. మొదటిది రెండు బ్యాటరీలు ఆగింది, రెండోది ఒకటిన్నర ఆగింది, మూడోది పది నిమిషాలు కూడా నిలవలేదు. మోటారు గిర్రున తిరుగుతూనే ఉంటుంది, బండి మాత్రం రోడ్డు మధ్యలో అలిగినట్టు నిలబడిపోతుంది.

విడిభాగాలు అమ్మిన దుకాణదారు ఈ మోటారు ముందు ప్లాస్టిక్ ఆగదనీ, స్పర్, డిఫరెన్షియల్ (మలుపుల్లో రెండు వైపుల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల గుత్తి), ప్రొపెల్లర్ షాఫ్ట్ (ముందు వెనుక చక్రాలకు శక్తిని అందించే కడ్డీ) అన్నీ లోహానివే వేసుకోవాలనీ అంటున్నారు. ఆ జాబితా మొత్తం ఖర్చు చూస్తే బండి కొన్న ధరకు కాస్త తక్కువగా ఉంది. అంత పెట్టిన తరువాత సమస్య తీరుతుందా, లేక ఇంకో చోటికి మారుతుందా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఆటోనగర్_లేత్
దుకాణదారు చెప్పిన దానిలో తప్పేమీ లేదు. నా షార్ట్ కోర్స్ ట్రక్కులో స్టీల్ స్పర్, స్టీల్ పినియన్ రెండేళ్లుగా నడుస్తున్నాయి, ఒక్క పన్ను కూడా పోలేదు. చప్పుడు మిక్సీలో చింతగింజలు వేసినట్టు ఉంటుందన్న మాట నిజమే, కాని చప్పుడుకు భయపడేవారు బ్రష్‌లెస్ మోటారు జోలికి వెళ్లకూడదు.

బీచ్‌రోడ్_బగ్గీ
ఆటోనగర్ గారితో నేను ఏకీభవించలేను, ఎందుకంటే సరిగ్గా ఆ దారిలోనే వెళ్లి చేతులు కాల్చుకున్నాను. మూడేళ్ల క్రితం నా నాలుగు చక్రాల బగ్గీలో ప్లాస్టిక్ స్పర్ రెండుసార్లు పోతే విసుగెత్తి స్టీల్‌ది వేశాను. స్పర్ నిలబడింది, వెనుక డిఫరెన్షియల్ రింగ్ గేర్ పోయింది. దానిని కూడా స్టీల్‌కు మార్చాను, డాగ్‌బోన్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) వంగింది. అదీ మార్చిన తరువాత ఒకరోజు రామకృష్ణా బీచ్ దగ్గర బండి ఫుట్‌పాత్ అంచును తాకితే ఈసారి గేర్‌బాక్స్ గూడే చీలిపోయింది. అక్కడికి మార్చడానికి ఇంకేమీ మిగలలేదు.

ప్లాస్టిక్ స్పర్‌ను ఇంట్లో ఫ్యూజు తీగలా చూడాలి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని స్థానంలో మేకు పెడితే ఫ్యూజు పోదు, ఇల్లే కాలుతుంది.

చార్మినార్_డ్రిఫ్ట్
బీచ్‌రోడ్ గారి బండిలో ఇప్పుడు అసలు బండి ఎంత మిగిలిందో తెలుసుకోవాలని ఉంది.

బీచ్‌రోడ్_బగ్గీ
బాడీ మీద అంటించిన స్టిక్కర్లు మిగిలాయి.

పినియన్_పంతులు
లోహమా ప్లాస్టికా అన్న వాదనకు ముందు కొంచెం లెక్క చూద్దాం. టీటీ-02 లోపలి నిష్పత్తి 2.6. రింగ్ గేర్‌కు 39 పళ్లు, దానిని తిప్పే బెవెల్ గేర్‌కు 15 పళ్లు ఉండటం వల్ల ఆ సంఖ్య వస్తుంది. 70ని 22తో భాగించి 2.6తో గుణిస్తే 8.27, అంటే మోటారు 8.27 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. 25 పళ్ల పినియన్‌తో అది 7.28కి దిగుతుంది.

3000 కేవీ మోటారును 7.4 వోల్టుల బ్యాటరీ మీద భారం లేకుండా తిప్పితే నిమిషానికి 22,200 చుట్లు వస్తాయి. 64 మి.మీ. వ్యాసం ఉన్న టైరు ఒక చుట్టుకు సుమారు 201 మి.మీ. దూరం పోతుంది. ఆ లెక్కన 8.27 దగ్గర గంటకు 32 కిలోమీటర్లు, 7.28 దగ్గర 37 కిలోమీటర్లకు కొంచెం తక్కువ వస్తాయి. కాగితం మీద కూడా మీకు దక్కే లాభం నాలుగైదు కిలోమీటర్లే. అందుకు బదులుగా మోటారు వేగం అందుకునే ప్రతిసారీ ఎక్కువ కరెంటు లాగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది, ఆ వేడి ఇరుసు ద్వారా పినియన్‌కూ, పినియన్ నుంచి ప్లాస్టిక్ పళ్లకూ చేరుతుంది. మోటారు ఎంత వేడెక్కుతోందో ఎప్పుడైనా కొలిచారా?

మియాపూర్_టూరింగ్
కొలవడానికి ప్రయత్నించాను. ఇంట్లో కరోనా కాలంలో కొన్న నుదుటి థర్మామీటరు ఉంటే దానిని మోటారు వైపు గురిపెట్టాను. అది ఎర్రటి దీపం వెలిగించి కూతపెట్టింది తప్ప అంకె చూపలేదు.

చార్మినార్_డ్రిఫ్ట్
మోటారును పద్నాలుగు రోజులు విడిగా ఉంచండి.

ఫ్రిస్కో_పార్కింగ్‌లాట్
నుదుటి థర్మామీటర్లు మనిషి జ్వరం పరిధి దాటితే అంకె చూపవు కాబట్టి అది మన పనికి రాదు. వర్క్‌షాపుల్లో వాడే పరారుణ థర్మామీటరు కొనుక్కోండి, ఏ బండికైనా అవసరమే. మోటారు డబ్బా పైన 70 డిగ్రీలు దాటుతుంటే నేను పినియన్‌లో ఒక పన్ను తగ్గిస్తాను, 80కి చేరితే ఆ రోజుకు బండి ఆపేస్తాను. నియోడిమియం అయస్కాంతాలు మరీ వేడెక్కితే కొంత బలాన్ని శాశ్వతంగా కోల్పోతాయి. ఆ తరువాత అదే వేగానికి మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. టెక్సస్ ఆగస్టులో మధ్యాహ్నం పార్కింగ్ స్థలం తారు మీద నడిపేటప్పుడు, చలికాలంలో సరిపోయిన పినియన్ కన్నా రెండు పళ్లు తక్కువది వేస్తాను. హైదరాబాదు మే నెలకు కూడా ఇదే వర్తిస్తుంది.

నా సలహా ఏమిటంటే 25 తీసేసి 22కి తిరిగి రండి. రూపాయి ఖర్చు లేకుండా తేలిపోతుంది.

గుంటూరు_బేరింగ్
ఇంకో ప్రశ్న. పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ బుష్‌లే (ఇరుసు తిరిగే గొట్టాలు) ఇంకా ఉన్నాయా, బాల్ బేరింగులు వేశారా? బుష్ అరిగితే స్పర్ ఇరుసు ఊగుతుంది, ఇరుసు ఊగితే మెష్ (రెండు గేర్ల పళ్ల కలయిక) ఒక చుట్టులోనే ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా మారుతుంది. 1150 కొలత బేరింగులు పదహారు వేస్తే బండి మొత్తానికి సరిపోతాయి, మార్చవలసిన వాటిలో మొదటిది అదే.

మియాపూర్_టూరింగ్
బేరింగులు మోటారు మార్చడానికి ముందే వేశాను, ఇరుసులో ఊపు లేదు.

ఓరుగల్లు_ఆఫ్‌రోడ్
ఇప్పటివరకు అందరూ మందు రాస్తున్నారు కాని రోగిని ఎవరూ చూడలేదు. పోయిన స్పర్ గేరు పళ్లు ఏ రూపంలో ఉన్నాయో చెప్పండి. రెండు మూడు పళ్లు మొదలంటా విరిగిపోయి మిగిలినవి కొత్తగా ఉంటే అది ఒక్కసారి తగిలిన దెబ్బ, అంటే రాయి ఇరుక్కోవడం గాని, గాలిలో చక్రాలు తిరుగుతుండగా బండి నేల మీద పడటం గాని. పళ్లన్నీ మెత్తబడి ఒక వైపు వాలిపోతే అది వేడి, లేదా మరీ బిగుతైన మెష్. చుట్టూ సమానంగా సన్నబడి కత్తి అంచులా తయారైతే పినియన్‌కూ స్పర్‌కూ పొత్తు కుదరలేదని అర్థం. ఈ మూడింటికీ మందులు వేరు, మూడింటికీ దుకాణంలో దొరికే జవాబు మాత్రం ఒకటే.

మియాపూర్_టూరింగ్
ఓరుగల్లు గారూ, మూడు గేర్లనూ దాచి ఉంచాను కాబట్టి మీరు అడిగిన తరువాత కిటికీ దగ్గర పెట్టి చూశాను. ఒక్క పన్ను కూడా విరగలేదు. చుట్టూ 70 పళ్లూ సన్నబడి, కొనలు మొనదేలి ఉన్నాయి. గేరు మూత తీస్తే లోపల మరమరాల పిండి చల్లినట్టు తెల్లటి పొడి పేరుకొని ఉంది. ఈ బండిలో గేర్లు పూర్తిగా మూసి ఉండటం వల్ల పొడి బయటికి రాలేదు, నేనూ ముందుగా గమనించలేదు.

అయితే పొత్తు కుదరలేదన్న మాట మాత్రం నమ్మలేకపోతున్నాను. 25 పళ్ల పినియన్ వేసినప్పుడు మోటారు స్క్రూలను వేరే రంధ్రాలకు మార్చవలసిన అవసరం కూడా రాలేదు. 22 ఉన్న చోటనే చక్కగా కూర్చుంది, వేలితో తిప్పితే గేర్ల మధ్య కొద్దిపాటి ఆట (సందు) కూడా సరిగ్గానే ఉంది.

సైలెంట్_స్పర్
చాలాకాలంగా చదువుతూ ఉండటమే తప్ప రాసే అలవాటు లేదు, కాని ఈ చివరి వాక్యం చదివాక ఆగలేకపోయాను. మూడు పళ్లు పెరిగిన పినియన్ పాత రంధ్రాల్లోనే కూర్చోవడం సాధ్యం కాదు. టీటీ-02లో మోటారును ముందుకూ వెనుకకూ జరిపే గాడి ఉండదు, పళ్ల సంఖ్యను బట్టి రంధ్రాలు మార్చుకోవాలి. మీ పినియన్ కూర్చుందంటే దాని పళ్లు చిన్నవి. అది 48 పిచ్ పినియన్ అయి ఉంటుందని నా అనుమానం. టీటీ-02 స్పర్ 0.6 మాడ్యూల్. పిచ్, మాడ్యూల్ రెండూ పళ్ల పరిమాణాన్ని చెప్పే కొలతలే.

పినియన్_పంతులు
సైలెంట్ స్పర్ గారు ఒక్క వాక్యంలో పట్టుకున్నారు. నేను రెండు పేరాల లెక్క చేసి కూడా అసలు ప్రశ్న అడగలేదు, అందుకు సిగ్గుపడుతున్నాను.

ఇది ఎందుకు మోసం చేస్తుందో చూడండి. మాడ్యూల్ పద్ధతిలో పిచ్ వృత్తం (రెండు గేర్ల పళ్లు కలిసే చోటి ఊహా వృత్తం) వ్యాసం కావాలంటే పళ్ల సంఖ్యను మాడ్యూల్‌తో గుణించాలి: 22 పళ్లకు 0.6 చొప్పున 13.2 మి.మీ. పిచ్ పద్ధతిలో ఆ వ్యాసంలో అంగుళానికి ఎన్ని పళ్లన్నది లెక్క: 25ను 48తో భాగించి 25.4తో గుణిస్తే 13.23 మి.మీ. రెండింటికీ తేడా మి.మీ.లో వందో వంతులు మూడు! కాబట్టి ఆ పినియన్ 22 స్థానంలో కొలిచి చేసినట్టు కూర్చుంటుంది. నిజమైన 0.6 మాడ్యూల్ 25 పళ్ల పినియన్ అయితే మోటారు ఇరుసు 0.9 మి.మీ. దూరం జరగాలి.

కూర్చోవడం వేరు, కలవడం వేరు. 0.6 మాడ్యూల్‌లో ఒక పన్ను నుంచి తరువాతి పన్నుకు 1.88 మి.మీ. దూరం, 48 పిచ్‌లో 1.66 మి.మీ. ఒక పన్ను సరిగ్గా దిగినా పక్క పన్ను 0.22 మి.మీ. పక్కకు తప్పి ఎదుటి పన్ను భుజాన్ని గీరుతుంది. స్టీలు గీరితే ప్లాస్టిక్ ఏమవుతుందో మీ మరమరాల పిండే చెబుతోంది.

మియాపూర్ గారూ, పినియన్ మీద 48 అని గాని 0.6 అని గాని ముద్ర లేకపోతే వెర్నియర్ కాలిపర్‌తో బయటి వ్యాసం కొలిచి, దానిని పళ్ల సంఖ్యకు రెండు కలిపిన మొత్తంతో భాగించండి. 0.6 వస్తే మంచిది, 0.53 వస్తే 48 పిచ్.

చార్మినార్_డ్రిఫ్ట్
సాయంత్రం దాకా పని చేయకుండా ఈ చర్చనే చూస్తూ కూర్చోవాలా?

మియాపూర్_టూరింగ్
పక్కింటి ఇంజినీరింగ్ విద్యార్థి దగ్గర కాలిపర్ అడిగి తెచ్చాను. బయటి వ్యాసం 14.3 మి.మీ. పళ్లు మళ్లీ లెక్కపెట్టాను, 25. రెండు కలిపితే 27. భాగిస్తే 0.5296.

దుకాణంలో అడిగినప్పుడు ఇరుసు 3.17 మి.మీ. అని మాత్రమే చూసి, 540 మోటారుకు పట్టే పినియన్లన్నీ ఒకటేనని ఇచ్చారు. నేనూ పళ్ల సంఖ్య ఒక్కటే చెప్పి తీసుకున్నాను. మూడు స్పర్ గేర్లు, రెండు నెలల వారాంతాలు దీనికే పోయాయి.

ఓరుగల్లు_ఆఫ్‌రోడ్
అమ్మినవారికి ఇరుసు కనిపించింది, మీకు 25 కనిపించింది, పినియన్ మాత్రం ఎవరికీ కనిపించలేదు.

కొత్త_కంట్రోలర్
మధ్యలో అడ్డం వస్తున్నందుకు మన్నించాలి. నా దగ్గర 32 పిచ్ స్పర్ ఉంది, దానికి 0.8 మాడ్యూల్ పినియన్ వేసి మూడు నెలలుగా నడుపుతున్నాను. నాది కూడా అరిగిపోతుందా? గేరు మూత తెరిచి చూడటానికి భయంగా ఉంది.

పినియన్_పంతులు
భయపడవద్దు. 25.4ను 32తో భాగిస్తే 0.794 వస్తుంది, 0.8తో తేడా నూటికి ఒక వంతు కూడా లేదు, అందుకే ఆ రెండింటినీ అందరూ కలిపి వాడుతున్నారు. నా ఊహ ఏమిటంటే మియాపూర్ గారి దుకాణదారు కూడా ఈ జతను చూసే అన్నీ ఒకటేనన్న నిర్ణయానికి వచ్చి ఉంటారు. 48 పిచ్ అంటే 0.529 మాడ్యూల్, 64 పిచ్ అంటే 0.397. వాటికీ 0.6కూ చుట్టరికం లేదు.

ఆటోనగర్_లేత్
పిచ్ తప్పిందని తేలింది, సంతోషం. కాని దానివల్ల స్టీల్ స్పర్ చెడ్డదని రుజువు కాలేదు. నా ట్రక్కు రెండేళ్ల అనుభవం అబద్ధం కాదు కదా.

బీచ్‌రోడ్_బగ్గీ
మీ ట్రక్కులో స్లిప్పర్ క్లచ్ ఉందా లేదా అన్నది చెప్పండి.

ఆటోనగర్_లేత్
ఉంది.

బీచ్‌రోడ్_బగ్గీ
అయితే మీ ఫ్యూజు అదే. చక్రాలకు దెబ్బ తగిలినప్పుడు స్లిప్పర్ జారి ఆ దెబ్బను మింగేస్తోంది, స్టీల్ స్పర్ దాకా అది పూర్తిగా రావడం లేదు. టీటీ-02లో స్లిప్పర్ లేదు. అక్కడ స్టీల్ స్పర్ వేస్తే దెబ్బ నేరుగా ప్లాస్టిక్ రింగ్ గేర్ మీదికి పోతుంది. స్పర్ మార్చడానికి మూత తీస్తే చాలు, రింగ్ గేర్ మార్చాలంటే సగం బండి విప్పాలి. ఏది విరగాలో ఎంచుకునే అవకాశం ఉన్నప్పుడు చవకగా, తేలికగా మారేదానిని ఎంచుకోవడంలో తప్పేముంది?

ఆటోనగర్_లేత్
స్లిప్పర్ విషయం ఒప్పుకుంటున్నాను, టీటీ-02కు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ట్రక్కుకు మాత్రం వెనక్కి తీసుకోను.

ఇంకో అనుభవం చెబుతాను. ఒకసారి విడిభాగం రావడానికి నెల పడుతుందంటే విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన లేత్ మేస్త్రీ దగ్గరికి పాత స్పర్ పట్టుకొని వెళ్లాను. ఆయన దానిని అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసి, ఇది గేరా, చొక్కా గుండీనా అని అడిగారు. ఆయన దగ్గర 1 మాడ్యూల్ కన్నా చిన్న కట్టరు లేదు. చెరకు రసం యంత్రానికి గేరు కావాలంటే సాయంత్రానికల్లా ఇస్తానన్నారు.

మెహదీపట్నం_ప్రింటర్
లేత్ ఎందుకు, త్రీడీ ప్రింటర్‌లో ముద్రించుకుంటే గంటలో పని అయిపోతుంది. ఫైలు నేనిస్తాను.

సైలెంట్_స్పర్
0.6 మాడ్యూల్‌లో పన్ను మందం పిచ్ వృత్తం దగ్గర 0.94 మి.మీ. మామూలు 0.4 మి.మీ. నాజిల్‌తో ముద్రిస్తే ఒక పన్నులో పక్కపక్కన రెండు గీతలు మాత్రమే పడతాయి. పైగా పీఎల్ఏ (ప్రింటర్లలో వాడే మామూలు ప్లాస్టిక్) 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, పక్కనే మోటారు 70 డిగ్రీల్లో ఉంటుంది.

మెహదీపట్నం_ప్రింటర్
నైలాన్ తంతువుతో ప్రయత్నించవచ్చు. అయినా 1 మాడ్యూల్ గేర్లకైతే నా మాట నిలబడుతుంది.

చార్మినార్_డ్రిఫ్ట్
చెరకు రసం యంత్రం మళ్లీ చర్చలోకి వచ్చింది.

ఫ్రిస్కో_పార్కింగ్‌లాట్
మియాపూర్ గారూ, సరైన పినియన్ బిగించేటప్పుడు రెండు విషయాలు మరిచిపోవద్దు. గ్రబ్ స్క్రూ (పినియన్‌ను ఇరుసుకు బిగించే తల లేని చిన్న స్క్రూ) ఇరుసు మీద చదునుగా ఉన్న వైపున కూర్చోవాలి, గుండ్రని వైపున కూర్చుంటే ఎంత బిగించినా ఒకరోజు జారుతుంది. లోహానికి లోహం తగిలే చోటు కాబట్టి స్క్రూకు నీలి రంగు త్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి, ప్లాస్టిక్‌కు మాత్రం అంటనివ్వకండి. పాత స్పర్‌లలో ఏదీ మళ్లీ వాడవద్దు, సన్నబడిన పళ్లు సరైన పినియన్‌తో కూడా నిలవవు.

గాడి ఉన్న మోటారు మౌంట్ బండ్లు వాడేవారు నోటుపుస్తకం కాగితపు ముక్కను రెండు గేర్ల మధ్య పెట్టి, మోటారును నొక్కి బిగించి, కాగితం తీసేస్తే మెష్ దాదాపు కుదురుతుంది. కాగితం మడతలు పడి రావాలి, చిరగకూడదు. స్పర్ ఎంతో కొంత వంకరగా ఉండనే ఉంటుంది కనుక పావు చుట్టు చొప్పున తిప్పి నాలుగు చోట్ల చూసుకోవాలి.

గుంటూరు_బేరింగ్
విప్పిన చేత్తోనే డిఫరెన్షియల్ కూడా చూడండి. టీటీ-02 డిఫరెన్షియల్‌కు సీలు ఉండదు కాబట్టి సిలికాన్ ఆయిల్ పోస్తే కారిపోతుంది. చిక్కటి గ్రీజు నింపుకోవచ్చు. రింగ్ గేర్‌కూ బెవెల్‌కూ మధ్య ఆట ఎక్కువగా ఉంటే పల్చటి షిమ్ (సందు నింపే వాషరు) ఒకటి వేయండి. బ్రష్‌లెస్ మోటారుకు తరువాత లొంగేది ఆ జతే.

మియాపూర్_టూరింగ్
పదకొండు రోజుల తరువాత రాస్తున్నాను, విడిభాగాలు నిన్ననే అందాయి. 0.6 మాడ్యూల్ స్టీల్ పినియన్లు 22, 23 పళ్లవి రెండూ తెప్పించాను. పెట్టె తెరవగానే కాలిపర్‌తో కొలిచాను: 14.4, 15.0. కొత్త ప్లాస్టిక్ స్పర్ వేశాను. ఇంకేమీ మార్చలేదు.

నిన్న సాయంత్రం 22తో రెండు బ్యాటరీలు, ఈ ఉదయం 23తో రెండు బ్యాటరీలు నడిపాను. 23 వేసేటప్పుడు స్క్రూలను వేరే రంధ్రాలకు మార్చవలసి వచ్చింది, ఆ ఇబ్బంది కలిగినందుకు మొదటిసారి ఆనందించాను. మోటారు వేడి 22తో 61 డిగ్రీలు, 23తో 66 డిగ్రీలు. ఈసారి థర్మామీటరు సరైనదే. మూత తీసి చూస్తే లోపల పొడి లేదు, స్పర్ పళ్ల మీద మెరుపు కూడా పోలేదు. 24కి వెళ్లాలన్న కోరిక ఉంది గాని వానలు మొదలయ్యేదాకా ఆగుతాను.

రింగ్ గేర్ దగ్గర ఆట కొంచెం ఎక్కువే ఉంది, షిమ్ వచ్చే వారం వేస్తాను. 25 పళ్ల 48 పిచ్ స్టీల్ పినియన్ ఒకటి నా దగ్గర వృథాగా ఉంది, ఎవరి బండికైనా సరిపోతే కొరియరు ఖర్చు కూడా నేనే పెట్టుకొని పంపుతాను.

కొత్త_కంట్రోలర్
నా రెండో బండికి కావాలి, దాని స్పర్ 48 పిచ్.

సైలెంట్_స్పర్
కొలిచారా?

కొత్త_కంట్రోలర్
పెట్టె మీద అలా రాసి ఉంది.

సైలెంట్_స్పర్
మియాపూర్ గారూ, ఆయన కొలిచేదాకా పంపవద్దు.